లాభం ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక కంపెనీ నికర లాభం గతేడాదికి రెట్టింపు. అమ్మకాలు మాత్రం దాదాపు అక్కడే ఉన్నాయి. మరి ఇంత లాభం ఎక్కడిదని ఈరోజు ఆ కంపెనీ లాభనష్టాల పట్టికను కింది నుంచి పైకి చదువుకుంటూ వెళ్లాను.

పన్ను దాటాను, వడ్డీ దాటాను. 'ఇతర ఆదాయం' దగ్గర ఆగిపోయాను. పక్కనే చిన్న అక్షరాల్లో నోట్ నంబర్. ఆ పేజీ తీస్తే విషయం బయటపడింది: వేరే కంపెనీలో ఉన్న వాటా అమ్మితే వచ్చిన లాభం అది. ఆ ఒక్క లైన్ పక్కన పెడితే, అసలు వ్యాపారంలో మిగిలింది నిరుటి కంటే తక్కువే! అమ్మేసిన వాటాను వచ్చే ఏడాది మళ్లీ అమ్మలేరు కదా.

అందుకే నాకు నిర్వహణ లాభం మీదే నమ్మకం. ముడిసరుకు, జీతాలు, అద్దె, తరుగుదల అన్నీ పోగా వ్యాపారం ఏం మిగిల్చిందో చెప్పేది అదే. (తరుగుదల అంటే మెషీన్ లాంటి వాటి ధరలో ఆ ఏడాది వంతుగా రాసే ఖర్చు. దాని కోసం ఆ ఏడాది చేతి నుంచి డబ్బేమీ పోదు. మెషీన్ కొన్నప్పుడే పోయింది. అయినా అది ఖర్చే.)

ఈ లాభాన్ని ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్కగట్టి చూపిస్తూ వచ్చింది. ఐఎఫ్ఆర్ఎస్ 18 అనే కొత్త అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం 2027 జనవరి 1 నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకు వర్తిస్తుంది. దాన్ని పాటించే కంపెనీలు నిర్వహణ లాభాన్ని ఒకే నిర్వచనంతో విడిగా చూపించి తీరాలి. నాకైతే చాలా సంతోషంగా ఉంది.

ఇంకోటి, అరువు మీద ఇచ్చిన సరుకు విలువ కూడా, డబ్బు చేతికి రాకముందే, ఆదాయంలో కలిసిపోతుంది. ఈ కంపెనీకి రావాల్సిన బాకీలు ఎంత పెరిగాయో రాత్రికి చూడాలి.