సౌండ్ తగ్గించినా తగ్గని గోల

పోయిన నెల నాన్న నెల్లూరు నుంచి వచ్చి వారం రోజులు చెన్నై వడపళనిలో మా ఇంట్లో ఉన్నారు. ఆదివారం పొద్దున ఇడ్లీలు తింటూ, ఆయనకిష్టమైన పాత పాటలు ఫోన్‌లో వెతికి స్పీకర్‌లో పెట్టాను. మూడో పాట అవకముందే "సౌండ్ తగ్గించరా, తల మోగిపోతోంది" అన్నారు. తగ్గించాను. కాసేపటికి మళ్లీ అదే మాట. ఇంకా తగ్గిస్తే వంటింట్లో మిక్సీ మోతకి పాటే వినపడటం లేదు, అయినా ఆయన మొహంలో చిరాకు పోలేదు. "ఎవడో నా చెవిలో మైకు పెట్టి పాడుతున్నట్టుందిరా" అన్నారు.

వయసైపోయింది, చెవులు అలాగే ఉంటాయిలే అనుకున్నాను (నాన్నా, ఇది చదివితే క్షమించు). కానీ ఆయన వెళ్లాక మనసొప్పక, తొంభైల్లో మౌంట్ రోడ్డులో కొన్న సీడీ ఒకటి అటక మీంచి దింపి, అందులోని పాటనీ, ఆన్‌లైన్‌లో 'రీమాస్టర్డ్' అని గొప్పగా రాసిపెట్టిన అదే పాటనీ ఆడాసిటీలో (శబ్దాన్ని బొమ్మగా గీసి చూపించే సాఫ్ట్‌వేర్) ఒకదాని కింద ఒకటి పెట్టి చూశాను. సీడీలోది చేపముల్లులా ఉంది, తబలా దెబ్బ పడ్డచోటల్లా ఒక ముల్లు పైకి లేచి, మధ్యలో సన్నబడి. రెండోది ఇటుక. పైనా కిందా కత్తెరతో కోసినట్టు నున్నగా ఉంది.

చూడటం సరే, వింటే ఇంకా బాధేసింది. చరణానికి ముందు వేణువు ఒక్కటే ఉంటుంది, తర్వాత వయొలిన్లన్నీ ఒక్కసారి అందుకుంటాయి. సీడీలో ఆ క్షణానికి ఒళ్లు జలదరిస్తుంది. కొత్తదాంట్లో ఆ ఒక్క వేణువూ అన్ని వయొలిన్లంత గట్టిగా ఉంది, మరి అవి వచ్చాక పెరగడానికి చోటెక్కడిది?

జరిగేది ఇదీ. డిజిటల్లో సున్నా డీబీ (డెసిబెల్, శబ్దాన్ని కొలిచే లెక్క) అని ఒక పైకప్పు ఉంటుంది, దాన్ని ఏ శబ్దమూ దాటలేదు. దాటబోతే కొస తెగి గరగర వస్తుంది. అందుకని లిమిటర్ అనే పరికరంతోనో సాఫ్ట్‌వేర్‌తోనో పెద్ద దెబ్బల తలలు అణిచేసి, మిగిలిన పాటనంతా పైకప్పుకి ఆనేదాకా లేపుతారు. పాట గట్టిగా వినిపిస్తుంది నిజమే, కానీ మెల్లనికీ గట్టికీ మధ్య ఉండే దూరం పోతుంది.

ఈ పోటీ కొత్తదేం కాదు. అమెరికాలో జూక్‌బాక్సుల రోజుల నుంచే పక్క రికార్డు కంటే మనది గట్టిగా మోగాలన్న పిచ్చి ఉంది. అయితే అప్పుడు రికార్డు ప్లాస్టిక్కే అడ్డుపడేది, దాని మీది గాడి మరీ వెడల్పయితే ప్లేయర్ ముల్లు ఎగిరిపోతుంది కదా. 1982లో సీడీ వచ్చి ఆ అడ్డు తీసేసింది. మెల్లనికీ గట్టికీ మధ్య దాదాపు 96 డీబీల వెడల్పున్న మైదానం చేతికిస్తే మనవాళ్లు పై మూల నాలుగడుగుల్లోనే ఇరుక్కుని కూచున్నారు! 1994లో వేవ్స్ కంపెనీ ఎల్1 అనే లిమిటర్ తెచ్చాక ఆ పని మరీ తేలికైంది. 2008లో మెటాలికా అనే రాక్ బ్యాండ్ ఆల్బం 'డెత్ మాగ్నెటిక్' వచ్చినప్పుడైతే, ఆల్బం కంటే గిటార్ హీరో వీడియో గేమ్‌లో ఉన్న పాటలే బాగున్నాయని అభిమానులు పట్టుకున్నారు, గేమ్‌కి ఇచ్చిన ట్రాకులు అంతగా నొక్కలేదు కాబట్టి.

నాకు అసలు నవ్వొచ్చేది ఏంటంటే, ఇప్పుడు ఆ అరుపు వల్ల లాభం కూడా లేదు. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటలన్నిటినీ −14 లఫ్స్ (పాట మొత్తం మీద ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి తెస్తుంది. −8తో పంపిన పాటని 6 డీబీలు కిందికి దించేస్తుంది. అణిచిన తలలు మాత్రం తిరిగి లేవవు.

సాలిగ్రామంలో మిక్సింగ్ చేసే ఫ్రెండ్‌ని అడిగితే విసుక్కున్నాడు. "నాకు తెలీదా రా? నిర్మాతకి వాట్సాప్‌లో పంపుతాను, ఆయన కారులో వింటాడు, పక్క సినిమా పాట కంటే సన్నగా ఉందంటాడు. నా అద్దె ఎవడు కడతాడు?" దానికి నా దగ్గర జవాబు లేదు. పైగా ఆర్కాట్ రోడ్డులో, ఆ హారన్ల మధ్య బస్సులో నిలబడి వింటే మెల్లగా ఉన్న భాగాలు నిజంగానే వినపడవు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ నొక్కుడేదో ఫోన్‌లో ఒక బటన్‌గా పెట్టండి, బస్సులో ఉన్నవాడు నొక్కుకుంటాడు. బస్సు కోసం అసలు పాటనే చదును చేసేస్తే ఇంట్లో కూచుని వినేవాడి గతేంటి?

ఆ సీడీ కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో నాన్నకి పంపాను. నిన్న అమ్మ ఫోన్ చేసింది. "ఏం పంపావురా ఆయనకి, పొద్దస్తమానం టీవీకి పెట్టుకుని సౌండ్ పెంచుతూనే ఉన్నారు, పక్కింటివాళ్లు ఏమనుకుంటారు" అని నాకు చీవాట్లు.