పాత ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌ని నాలుగు ఊళ్ల మధ్య ఆడుకోవడానికి ఇంటి నెట్‌వర్క్: నా అనుభవం

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే కంప్యూటర్ యుద్ధాల ఆట వచ్చింది 1999లో, దానికి కాంకరర్స్ అనే అదనపు భాగం తోడైంది 2000లో. ఆ సీడీ వెర్షన్‌నే ఇప్పటికీ ఆడే నలుగురి కోసం నేను అమర్చిన నెట్‌వర్క్ ఇది. హైదరాబాద్‌లో నేను, విజయవాడలో తమ్ముడు, బెంగళూరులో ఒక మిత్రుడు, డాలస్‌లో ఇంకొకతను. 2019 నాటి డెఫినిటివ్ ఎడిషన్ కొనుక్కుంటే సర్వర్లు వాళ్లే నడుపుతారు, ఈ తంటా ఏదీ ఉండదు. కానీ మాలో కొందరి కంప్యూటర్లు దాన్ని మోయలేవు, ఒకటైతే ఇంకా విండోస్ ఎక్స్‌పీ. పైగా నెట్ సెంటర్ల రోజుల నుంచి చేతికి అలవాటైన ఆట పాతదే.

ఆన్‌లైన్ ఆట అనగానే చాలామంది రౌటర్‌లో పోర్టులు (బయటి నుంచి వచ్చే డేటాకి నంబర్ల వారీ తలుపులు) తెరవడానికి కూర్చుంటారు. కౌంటర్ స్ట్రైక్ 1.6కి అది చాలు. సర్వర్ ఒకటే, అందరూ వచ్చి దానికే తగులుకుంటారు, యూడీపీ (డేటా పంపే ఒక పద్ధతి, టీసీపీ ఇంకొకటి) 27015 పోర్టు తెరిస్తే ఆట మొదలు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో అలాంటి సర్వర్ లేదు. డైరెక్ట్‌ప్లే అనే పాత మైక్రోసాఫ్ట్ ఏర్పాటు మీద ప్రతి కంప్యూటరూ మిగతా అన్నిటితో నేరుగా మాట్లాడుతుంది. హోస్ట్ చేసే (ఆట మొదలుపెట్టే) ఇంట్లో టీసీపీ 47624, టీసీపీ యూడీపీ రెండింటిలోనూ 2300 నుంచి 2400 దాకా తెరిచినా విజయవాడ కంప్యూటర్ డాలస్ కంప్యూటర్‌ని అందుకోలేదు. నాలుగిళ్లలోనూ తెరవాల్సిందే. అదీ కాక డైరెక్ట్‌ప్లే తన ప్యాకెట్ లోపల సొంత అడ్రస్ రాసి పంపుతుంది. అది 192.168.1.5 లాంటి ఇంటి అడ్రస్ అయితే అవతలివాళ్ల కంప్యూటర్ దాన్ని వాళ్లింట్లోనే వెతుక్కుంటుంది.

పోర్టులు తెరిచే దారి మన దగ్గర చాలా ఇళ్లలో అసలు మొదలే కాదు. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కి బయటి వైపున ఉన్న అడ్రస్) చూడండి. అది 100.64తో మొదలుకొని 100.127 లోపు ఉంటే మీరు ఇంటర్నెట్ కంపెనీ పెట్టిన ఇంకో నాట్ (చాలామందికి ఒకే బయటి అడ్రస్ పంచే ఏర్పాటు) వెనక ఉన్నట్టే. ఆ అడ్రస్‌లని 2012లో ప్రత్యేకంగా ఈ పనికే కేటాయించారు. కొన్ని కంపెనీలు 10తో మొదలయ్యేవి కూడా ఇస్తాయి. ఏదైనా సరే, ఆ వ్యాన్ ఐపీ, బయటి సైట్లు చూపించే మీ ఐపీ ఒకటి కాకపోతే మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు. స్టాటిక్ ఐపీకి (మారని సొంత అడ్రస్) నెలనెలా డబ్బు కట్టొచ్చు, కానీ నలుగురూ కట్టాలి.

కాబట్టి పోర్టుల జోలికి పోకుండా ఆట ఏది ఊహించుకుని తయారైందో అదే కట్టి ఇవ్వాలి: అందరి కంప్యూటర్లూ ఒకే నెట్‌వర్క్ స్విచ్చికి తగిలించిన ల్యాన్, అంటే లోకల్ నెట్‌వర్క్. దీనికి వర్చువల్ ల్యాన్ సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. ఎంచుకునేటప్పుడు ఒక్క సంగతి చూసుకోండి. టెయిల్‌స్కేల్, మామూలు వైర్‌గార్డ్ లాంటివి ఐపీ ప్యాకెట్లనే మోస్తాయి, బ్రాడ్‌కాస్ట్‌ని (నెట్‌వర్క్‌లో అందరికీ ఒకేసారి వేసే కేక) మోయవు. ఆఫీసు పనికి అవి భేషుగ్గా ఉంటాయి, పాత ఆటల జాబితాలో మాత్రం హోస్ట్ పేరు కనిపించదు. జీరోటైర్ ఈథర్‌నెట్ ఫ్రేముల్నే (ల్యాన్ కేబుల్ మీద నడిచే డేటా పొట్లాలు, బ్రాడ్‌కాస్ట్‌తో సహా) మోస్తుంది కాబట్టి నేను దాన్ని ఎంచుకున్నాను.

జీరోటైర్ పెట్టుకోవడం పెద్ద పనేమీ కాదు. వాళ్ల సైట్‌లో ఖాతా తెరిచి నెట్‌వర్క్ సృష్టిస్తే 16 అక్షరాల ఐడీ వస్తుంది. నెట్‌వర్క్‌ని ప్రైవేట్‌గానే ఉంచండి. నలుగురూ ఆ ఐడీతో చేరాక ఒక్కొక్కరికీ అనుమతి టిక్ పెట్టాలి, అది పెట్టేదాకా అడ్రస్ రాదు. ఐపీ రేంజ్ ఎంచేటప్పుడు ఎవరింట్లోనూ లేనిదే తీసుకోవాలి. మన ఫైబర్ రౌటర్లు ఎక్కువగా 192.168.1 గానీ 192.168.29 గానీ ఇస్తాయి కాబట్టి 10.147తో మొదలయ్యేది తీసుకుంటే తకరారు రాదు. బ్రాడ్‌కాస్ట్ అనుమతించే టిక్ ఉందో లేదో కూడా చూడండి.

ఇప్పుడు అసలు చిక్కు. అన్నీ సరిగ్గా ఉన్నా ఆటలో 'షో గేమ్స్' నొక్కితే ఖాళీ జాబితా వస్తుంది. ఎందుకంటే ఆట 'ఎవరైనా హోస్ట్ చేస్తున్నారా' అని 255.255.255.255కి కేకేస్తుంది. విండోస్ ఆ కేకని అన్ని అడాప్టర్ల మీదా పంపదు, మెట్రిక్ (ప్రాధాన్యం చెప్పే అంకె) అన్నిటికంటే తక్కువున్న ఒక్కదాని మీదే పంపుతుంది. మామూలుగా అది వైఫై గానీ ఇంటి ల్యాన్ కార్డు గానీ అవుతుంది, కేక మీ ఇంటి గోడలు దాటదు. రన్‌లో ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ కొట్టి, జీరోటైర్ అడాప్టర్ ప్రాపర్టీస్‌లో ఐపీవీ4, అందులో అడ్వాన్స్‌డ్ తెరిచి, ఆటోమేటిక్ మెట్రిక్ టిక్ తీసేసి 1 రాయండి. మీ మామూలు ఇంటర్నెట్ ఆ అడాప్టర్ గుండా పోదు, భయం లేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో రూట్ ప్రింట్ కొడితే 255.255.255.255 వరుసలు అడాప్టర్‌కి ఒకటి చొప్పున కనిపిస్తాయి. వాటిలో అతి తక్కువ మెట్రిక్ 10.147 అడ్రస్ పక్కన ఉండాలి. నెట్‌వర్క్ వదిలి మళ్లీ చేరినప్పుడల్లా దీన్ని చూసుకోవాలి.

వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ లాంటివి పెట్టుకున్న కంప్యూటర్లలో ఇంకో పేచీ వస్తుంది. హోస్ట్ పేరు కనిపిస్తుంది, చేరబోతే వేలాడుతుంది. డైరెక్ట్‌ప్లే వాటి ఉత్తుత్తి అడాప్టర్ అడ్రస్‌ని తనదని చెప్పుకుంటుంది మరి. ఆడేంతసేపూ ఆ అడాప్టర్లని డిసేబుల్ చెయ్యండి.

విండోస్ 10, 11లో డైరెక్ట్‌ప్లే ముందే పెట్టి ఉండదు. విండోస్ ఫీచర్స్‌లో లెగసీ కాంపోనెంట్స్ కింద టిక్ పెట్టుకోవాలి. తర్వాత ఫైర్‌వాల్. జీరోటైర్ నెట్‌వర్క్‌ని విండోస్ పబ్లిక్ అనుకుంటే ప్రైవేట్‌కి మార్చండి. ఆటకి అనుమతివ్వడం అందరికీ గుర్తుంటుంది. ఆట లేపే ఇంకో చిన్న ప్రోగ్రామ్‌ని మర్చిపోతారు, దాని పేరు డీప్లేఎస్‌వీఆర్ డాట్ ఈఎక్స్‌ఈ, 64 బిట్ విండోస్‌లో సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉంటుంది. 47624 పోర్టు మీద వినేది అదే, దానికీ అనుమతి కావాలి. ఆట ఫుల్ స్క్రీన్‌లో ఉండగా ఫైర్‌వాల్ ప్రశ్న వెనకాల వచ్చి ఎవరైనా క్యాన్సిల్ కొడితే విండోస్ అడ్డుకునే రూల్ రాసేసుకుంటుంది, ఆ పైన మళ్లీ అడగదు. ఇన్‌బౌండ్ రూల్స్‌లో ఎర్రగుర్తుతో ఉన్న ఆట పేరు వెతికి తీసెయ్యాలి. పింగ్‌తో (అవతలి కంప్యూటర్ పలుకుతుందో చూసే ఆజ్ఞ) పరీక్షించేవాళ్లకి ఒక మాట: పింగ్ రాలేదని టన్నెల్ (జీరోటైర్ వేసిన దారి) పోయిందనుకోకండి. విండోస్ ఫైర్‌వాల్ బయటి పింగ్‌కి జవాబివ్వదు, ఎకో రిక్వెస్ట్ రూల్ ఎనేబుల్ చేసి అప్పుడు చూడండి.

కలిశాక ఆట నత్తనడక నడిస్తే మొదట అనుమానించాల్సింది రిలే. జీరోటైర్ రెండు ఇళ్ల మధ్య నేరుగా దారి వెతుకుతుంది, కంపెనీ నాట్ మొండికేస్తే మధ్యలో రిలే సర్వర్ గుండా పంపుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో జీరోటైర్ పీర్స్ జాబితా తీసి, ఎదురుగా డైరెక్ట్ అని ఉందో రిలే అని ఉందో చూడండి. దీనికి నాకు బాగా పనికొచ్చిన మందు ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ అడ్రస్ పద్ధతి). ఆటకి ఐపీవీ6 అంటే తెలియదు, కానీ దాన్ని మోసే టన్నెల్‌కి తెలుసు. మన పెద్ద కంపెనీలు చాలావరకు ఐపీవీ6 ఇస్తున్నాయి, ఇంట్లో పెట్టిన ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి తగిలే పెట్టె) సెట్టింగుల్లోనే అది ఆఫ్ అయి ఉంటుంది. రెండు వైపులా ఆన్ చేస్తే నాట్ బెడద పోయి రిలే కాస్తా డైరెక్ట్ అవుతుంది. ఓఎన్‌టీ వెనక సొంత రౌటర్ కూడా పెట్టుకున్నవాళ్లు ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (తను నాట్ చెయ్యకుండా డేటాని దాటించే పద్ధతి) పెట్టి, పీపీపీఓఈ లాగిన్ (కంపెనీ ఇచ్చిన కనెక్షన్ పేరు, పాస్‌వర్డ్) సొంత రౌటర్‌కి ఇస్తే రెండు నాట్‌లలో ఒకటి తగ్గుతుంది.

డాలస్ దూరాన్ని ఏ సెట్టింగూ తగ్గించలేదు. హైదరాబాద్ నుంచి నేల వంపు వెంట దాదాపు 14,000 కిలోమీటర్లు, ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే తిన్నగా కేబుల్ వేసినా రానూపోనూ 140 మిల్లీసెకన్లు. నిజం కేబుళ్లు వంకర్లు తిరుగుతాయి కాబట్టి 250 ప్రాంతంలో ఉంటుంది. అయినా ఆట నడుస్తుంది, అది దీని గొప్పతనం. ఆట తయారుచేసిన ఎన్సెంబుల్ స్టూడియోస్ వాళ్లు దీన్ని 28.8 కిలోబిట్ మోడెమ్‌ల కోసం రాశారు. సైనికుల స్థానాలేవీ వైరు మీద పోవు, ఆటగాళ్లిచ్చిన ఆజ్ఞలే పోతాయి. ప్రతి కంప్యూటరూ యుద్ధాన్ని మొత్తం తనే లెక్కగడుతుంది. మీరు నొక్కిన క్లిక్ వెంటనే కాకుండా రెండు విడతల తర్వాత అన్ని చోట్లా ఒకేసారి అమలవుతుంది. 250 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని ఆటగాళ్లు గమనించనే లేదని, 500 దాకా హాయిగా ఆడగలిగారని వాళ్లే రాశారు. ఆలస్యం ఎక్కువైనా నిలకడగా ఉంటే చెయ్యి అలవాటు పడుతుంది, ఒకసారి 80, ఒకసారి 500 అయితేనే చికాకు.

ఈ పద్ధతికి రెండు షరతులున్నాయి. లెక్కలు ఎక్కడ తేడా వచ్చినా అవుట్ ఆఫ్ సింక్ అని ఆట ఆగిపోతుంది, కాబట్టి అందరూ ఒకే వెర్షన్‌లో ఉండాలి. మేం అధికారికంగా వచ్చిన 1.0సీ ప్యాచ్ మీద ఉన్నాం, ఆట మారిపోయే మోడ్‌లేవీ లేవు. రెండోది, అందరికంటే నెమ్మదైన కనెక్షన్ వేగమే అందరిదీ. అందుకని ఒక్కరు వైఫైలో ఆడినా నలుగురూ దాని ఎగుడుదిగుళ్లు భరించాలి. క్యాట్ 5ఈ నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, ఇంట్లో 15 మీటర్లు సరిపోతుంది. రెండు కొసలా ఒకే వరుసలో క్రింప్ చెయ్యండి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలు అప్‌లోడ్ చేస్తుంటే పింగ్ సమయం ఎగిరిపడుతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్ల కోసం ఉచిత సాఫ్ట్‌వేర్) పడే రౌటరుంటే ఎస్‌క్యూఎం (డేటా వరుసల్ని సర్దే సౌకర్యం) పెట్టి, కొలిచిన వేగంలో 90 శాతం దగ్గర పరిమితి వెయ్యండి. లేకపోతే ఆ గంటసేపు అప్‌లోడ్ ఆపమని చెప్పడమే. కరెంటు పోయే చోట ఓఎన్‌టీకి 12 వోల్టుల మినీ యూపీఎస్ కొనండి, అడాప్టర్ మీద రాసిన ఆంపియర్లకి తగ్గకుండా చూసుకుని.

ఇక ఎక్స్‌పీ కంప్యూటర్. దాన్ని ఇంటర్నెట్‌కి తగిలించడం ప్రమాదం, ఇప్పటి జీరోటైర్ దాని మీద పడదు కూడా. దానికి ముందు ఒక రాస్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) పెట్టాను. పై తన వైఫైతో ఇంటర్నెట్‌కి వెళ్తుంది, దాని ఈథర్‌నెట్ పోర్టు నుంచి ఒక్క కేబుల్ తిన్నగా ఎక్స్‌పీకి. పైలో జీరోటైర్ ఇంటర్‌ఫేస్‌నీ ఆ ఈథర్‌నెట్‌నీ లినక్స్ బ్రిడ్జ్‌లో (రెండిటినీ ఒకే నెట్‌వర్క్‌గా చేసే ఏర్పాటు) కలిపి, జీరోటైర్ సైట్‌లో ఆ సభ్యుడికి బ్రిడ్జింగ్ అనుమతి టిక్ పెట్టాలి. ఎక్స్‌పీకి అదే 10.147 వరుసలో ఖాళీగా ఉన్న అడ్రస్ చేత్తో ఇచ్చి, గేట్‌వే (ఇంటర్నెట్‌కి వెళ్లే దారి అడ్రస్) గడి ఖాళీగా వదిలెయ్యండి. ఆట ఆడుతుంది, ఇంటర్నెట్ మాత్రం దాని ఊసెత్తదు. ఇక్కడ వైఫైని బ్రిడ్జ్‌లో వెయ్యడానికి చూడకండి, క్లయింట్‌గా ఉన్న వైఫై వేరే కంప్యూటర్ల ఫ్రేముల్ని దాటనివ్వదు. ఇంటి ల్యాన్ మొత్తాన్ని బ్రిడ్జ్‌లో కలపడం అంతకంటే అనర్థం: మీ రౌటర్ డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే సేవ) డాలస్ దాకా వెళ్లి అక్కడి కంప్యూటర్‌కి మీ ఇంటి గేట్‌వే ఇవ్వొచ్చు, అప్పుడు అతని ఇంటర్నెట్ దారి తప్పుతుంది.

ఇదే నెట్‌వర్క్ మీద రెడ్ అలర్ట్ 2 అనే ఇంకో పాత ఆట ఆడాలంటే మెట్రిక్ చాలదు, దాని ల్యాన్ ఆట ఐపీఎక్స్ (పాతకాలపు నెట్‌వర్క్ పద్ధతి) అడుగుతుంది, విండోస్ విస్టా నుంచి ఐపీఎక్స్ లేదు. దాన్ని ఇప్పటి నెట్‌వర్క్ మీద నడిపించే ఐపీఎక్స్‌రాపర్ డీఎల్‌ఎల్ ఫైళ్లని ఆట ఫోల్డర్‌లో వేసి, దాని కాన్ఫిగ్ ప్రోగ్రామ్‌లో ప్రైమరీ ఇంటర్‌ఫేస్‌గా జీరోటైర్‌ని ఎంచుకోండి. అందరి కంప్యూటర్లలోనూ అదే వెర్షన్ ఉండాలి, ఫైర్‌వాల్‌లో దాని యూడీపీ 54792కి దారి ఉండాలి.