మా అబ్బాయి సత్యభామ వేషం కడతానన్నాడు

న్యూజెర్సీలో శనివారం పొద్దున ఏ కూచిపూడి క్లాసుకి వెళ్ళినా ఆడపిల్లలే కనిపిస్తారు. మగపిల్లలు ఒకరో ఇద్దరో వెనక వరసలో ఉంటారు. మావాడు వాళ్ళలో ఒకడు. అక్కతో పాటు చిన్నప్పుడే మొదలుపెట్టాడు, ఇప్పుడు పదకొండేళ్ళు. చిన్నవాడిగా ఉన్నంతకాలం అందరికీ ముద్దుగానే ఉండేది. ఈమధ్యే మాటలు మొదలయ్యాయి.

స్కూల్లో తోటిపిల్లలు ఏదో అన్నారంటే వాళ్ళకేం తెలుసులే అనుకోవచ్చు. నాకు కష్టంగా అనిపించింది మనవాళ్ళ మాటలు. "ఇంకా ఎన్నాళ్ళండీ డాన్సు? బాస్కెట్‌బాల్‌లో వెయ్యండి" అన్నారు ఒకరు. ఇంకొకాయన నిజంగా మంచి మనసుతోనే, "అంతగా కావాలంటే పేరిణి నేర్పించండి, మగవాళ్ళ నాట్యం" అన్నారు. వాడు పక్కనే ఉన్నాడు. ఆ రోజు కార్లో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ రాత్రి వాడికి సత్యభామ కథ ఆడే భామాకలాపం పాత వీడియో ఒకటి చూపించాను, వేదాంతం సత్యనారాయణ శర్మ గారిది. తెర పట్టుకుని ఇద్దరు నిలబడతారు. తెర వెనక నుంచి పొడుగాటి జడ ఒకటి ఇవతలికి వచ్చి పడుతుంది. అందంలో, అభిమానంలో నాతో సాటి ఎవరో రమ్మని సత్యభామ సవాలు విసరడం అది. తెర తీశాక ఆ నడక, ఆ కనుబొమ్మ, కృష్ణుడికి ఉత్తరం రాసేటప్పుడు కోపానికీ ఏడుపుకీ మధ్య ఊగే ఆ ముఖం. చాలాసేపు చూశాక "ఈవిడ ఎవరు నాన్నా?" అన్నాడు. "ఆయన రా" అన్నాను. వాడు వీడియో వెనక్కి జరిపి మళ్ళీ మొదటినుంచి చూశాడు.

కృష్ణా జిల్లా కూచిపూడిలో తరతరాలుగా ఆడింది మగవాళ్ళే. ఆ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని భామాకలాపం రాసిన సిద్ధేంద్రయోగి నియమం పెట్టాడని చెబుతారు. శర్మ గారికి 1970లో పద్మశ్రీ ఇచ్చారు. అంతకుముందే, 1956లో, నాటకాల్లో సత్యభామగా పేరు మోసిన స్థానం నరసింహారావు గారికీ ఇచ్చారు. మన తాతలు చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టింది ఇలాంటి వేషాలకే. ఇక్కడ మన డ్రాయింగు రూముల్లో మగతనానికి ఇంత చిన్న గిరి ఎప్పుడు గీసుకున్నామో నాకు అర్థం కాదు. అలకనీ విరహాన్నీ ఒంటికి పట్టించుకోవడం మగవాడికి తక్కువ కాదని మా అబ్బాయికి చెప్పడానికి నాకు బయటి పుస్తకాలు అక్కర్లేదు. మన ఊళ్ళోనే ఉంది.

ఇదంతా మా అమ్మాయి వింటూ ఉంది. దానికి పదిహేనేళ్ళు. "మరి అప్పుడు ఆడవాళ్ళు ఎక్కడున్నారు?" అంది.

అక్కడితో కథ అంత తేలిగ్గా లేదు. ఆ మేళాల్లో ఆడవాళ్ళకి చోటు లేదు. గోదావరి జిల్లాల్లో దేవదాసీ సంప్రదాయానికి చెందిన కళావంతుల కుటుంబాల స్త్రీలు తమ సంప్రదాయంలో భామాకలాపం ఆడేవాళ్ళు. వాళ్ళ మీద సమాజం నింద వేసింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ వ్యవస్థని నిషేధించే చట్టం వచ్చాక ఆడి బతికే దారీ మూసుకుపోయింది. కూచిపూడి మాత్రం పెద్ద వేదికలెక్కింది. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి ఎంతోమంది అమ్మాయిలకి నేర్పారు. ఈ రోజు మా అమ్మాయి ఆడగలుగుతోందంటే అలాంటి గురువుల వల్లే. కానీ ఆ కళావంతుల స్త్రీల పేర్లు మన సంఘాల సావనీర్లలో నేనైతే చూడలేదు.

"అంటే మగవాళ్ళు ఆడవేషం కడితే కళ, ఆడవాళ్ళు ఆడితే తప్పా?" అంది అమ్మాయి. ఆ కోపాన్ని చల్లార్చాలని నాకు అనిపించలేదు. న్యాయమైన కోపం అది. మన సంస్కృతి అంటూ పిల్లలకి మంచి ముక్కలు మాత్రమే ఏరి పెడితే, మిగతాది వాళ్ళే ఎక్కడో చదువుకుని మనల్ని నమ్మడం మానేస్తారు. తమ్ముడికి ధైర్యం ఇచ్చిన చరిత్రే అక్కకి కోపం తెప్పించింది. ఇద్దరికీ ఆ రెండూ తెలియాలి.

ఈసారి వార్షికోత్సవానికి సత్యభామ తెర మీదికి వచ్చే పాట, ప్రవేశ దరువు, తనకి ఇమ్మని మావాడు టీచర్‌ని అడిగాడు. ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు. తెనాలిలో మా అమ్మకి ఫోన్లో చెబితే, "జడ బరువుగా ఉండాలిరా, లేకపోతే విసురు రాదు" అని సవరం, జడగంటలు ఎవరితోనో పంపింది. రోజూ సాయంత్రం అక్క వాడికి భుజం తిప్పడం నేర్పిస్తోంది. సత్యభామ బతిమాలుకునే ఘట్టం తనకి నచ్చదనీ, తన వంతు వచ్చినప్పుడు ఆ కోపాన్ని ఇంకాసేపు నిలబెడతాననీ అంటోంది.

పేరిణి నేర్పించమన్న ఆయన్ని కూడా పిలిచాను. వస్తానన్నారు. పేరిణి మీద నాకు గౌరవమే. మావాడు అడిగితే అదీ నేర్పిస్తాను, కానీ మగతనం నిరూపించుకోవడానికి మాత్రం కాదని ఆయనతో చెప్పాను.