బీరువాలో మిగిలిన మాత్రలు

నాయన పోయి నెలన్నర. బీరువా సర్దుతుంటే సీలు తీయని బీపీ మాత్రల స్ట్రిప్పులు పదకొండు దొరికాయి, గడువు ఇంకా ఏడాది ఉంది, పారేయడానికి చేయి రాలేదు. కడప ఏడు రోడ్ల దగ్గర ఓ మెడికల్ షాపులో అడిగితే "మేం తీసుకోకూడదన్నా, ఇంట్లో ఏ ఎండకు పెట్టినారో ఎవరికి తెలుసు" అన్నాడు. కోపమొచ్చింది గానీ మాట నిజమే, మన కడప ఎండ మరి! 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం లైసెన్సు లేకుండా మందులు అమ్మొద్దు, పంచొద్దు అంటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మిగిలిన మందుల దానానికే చట్టాలున్నాయి, సీలు తీయనివి, గడువున్నవి ఫార్మసిస్టు చూసి లేనోళ్లకు ఇస్తారు. పక్కింటి పెద్దమ్మకు ఇద్దామనుకున్నా, డోసు వేరేమోనని ఆగినా. కవరు ఇంకా బీరువాలోనే ఉంది.