ఎం.ఏ. ఎకనామిక్స్: డిసర్టేషన్ నుంచి వెనక్కి

మన ఆంధ్రా యూనివర్సిటీ సంచికకు ఏదైనా జ్ఞాపకం రాయమన్నారు. హాస్టల్ మెస్ గురించి, ఆర్.కె. బీచ్ సాయంత్రాల గురించి ఎలాగూ చాలామంది రాస్తారు. మన ఎకనామిక్స్ విభాగం సంగతి ఒక్కటి చెప్పి, కొత్తగా చేరే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొచ్చేది రాస్తాను. మనం రోజూ మెట్లెక్కే వి.ఎస్. కృష్ణా లైబ్రరీ పేరులో ఉన్నది ఎకనామిక్స్ ప్రొఫెసరే. తర్వాత వైస్ ఛాన్సలర్ అయ్యారు. భారత జాతీయాదాయానికి లెక్క కట్టిన వి.కె.ఆర్.వి. రావు గారు 1930ల్లో ఇక్కడే పాఠం చెప్పారు. అంకెలతో మనకు చుట్టరికం పాతదే.

అయినా మనవాళ్లలో ఎక్కువమంది ఏ సెమిస్టర్ పేపర్లు ఆ సెమిస్టర్‌లో చూసుకుందామనుకుంటారు. చివర్లో డిసర్టేషన్, అంటే సొంతంగా రాయాల్సిన పరిశోధన వ్యాసం దగ్గర చిక్కుకుంటారు. కోర్సును అక్కడి నుంచి వెనక్కి పేర్చుకోవాలి. డిసర్టేషన్‌కు ఎకనామెట్రిక్స్ (ఆర్థిక డేటాను గణాంక పద్ధతులతో పరీక్షించే పేపర్) కావాలి, ఎకనామెట్రిక్స్‌కు స్టాటిస్టిక్స్ కావాలి, ఆ రెండింటికీ ముందు కలనగణితం (కాల్క్యులస్), మాత్రికలు రావాలి. సిలబస్ ఎన్నిసార్లు మారినా ఈ వరుస మారదు.

డిగ్రీలో హెచ్.ఇ.పి. (హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్) చదివి వచ్చినవాళ్లు పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం ముట్టుకుని ఉండరు. సీటు వచ్చాక క్లాసులు మొదలయ్యేలోపు దొరికే వారాలన్నీ లెక్కలకే పెట్టాలి. పాత ఇంటర్ పుస్తకాలు చాలు: 1ఎ లో మాత్రికలు విలోమం దాకా, 1బి లో అవకలనం, గరిష్ఠ కనిష్ఠాలు, 2ఎ లో సంభావ్యత. త్రికోణమితి జోలికి పోనక్కర్లేదు. పాక్షిక అవకలనం, పరిమితికి లోబడి గరిష్ఠం కనుక్కునే లగ్రాంజ్ పద్ధతి మాత్రం విడిగా నేర్చుకోవాలి.

లగ్రాంజ్‌ను బట్టీ పడితే లాభం లేదు. ఒకరు x, y అనే రెండు సరుకులు కొంటారు, వాటివల్ల కలిగే ప్రయోజనం (తృప్తి) x, y ల లబ్ధం అనుకోండి. ధరలు 2, 5 రూపాయలు, ఆదాయం 100. సమాధానం x 25, y 10, ప్రయోజనం 250. లగ్రాంజ్ గుణకం 5 వస్తుంది. చాలామంది ఇక్కడ పెన్ను మూసేస్తారు. ఆదాయాన్ని 101 చేసి మళ్లీ కట్టండి: ప్రయోజనం 255.025. ఒక్క రూపాయి పెరిగితే ప్రయోజనం సుమారు 5 పెరిగింది. ఆ గుణకమే ద్రవ్యపు ఉపాంత ప్రయోజనం. ఇలా నాలుగు లెక్కలు చేతితో చేసినవాళ్లకు మైక్రో రెండో పేపర్ బరువనిపించదు.

దేశం మొత్తం ఆర్థిక వ్యవస్థను చూసే మాక్రో గురించి పెద్దగా చెప్పను. దినపత్రిక చదివే అలవాటుంటే అది నడిచిపోతుంది. ఎకనామెట్రిక్స్ అలా కాదు. మల్టీకొలినియారిటీ (చలరాశులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటం) నిర్వచనం పది మార్కులకు రాయగలిగినవాళ్లు కూడా అసలు డేటాలో దాన్ని గుర్తుపట్టలేరు. ఆ పేపర్ మొదలైన వారంలోనే గ్రెటల్ గానీ ఆర్ గానీ, ఈ గణాంక సాఫ్ట్‌వేర్లలో ఒకటి కంప్యూటర్‌లో వేసుకోండి, రెండూ ఉచితమే. సిలబస్‌లో ప్రతి యూనిట్‌కూ ఒక రిగ్రెషన్ (ఒక చలరాశి మీద మిగతావాటి ప్రభావాన్ని కొలిచే లెక్క) నడపండి.

డేటా దగ్గర పడే గోతులు ఇంకోరకం. జాతీయ నమూనా సర్వేల యూనిట్ స్థాయి డేటా, అంటే ఒక్కో ఇంటి వివరాలు, ఉచితంగా దొరుకుతుంది. కానీ వెయిట్లు (సర్వేలోని ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పే అంకెలు) వేయకుండా సగటు తీస్తే ఆ సగటు తప్పే, ఎందుకంటే ఎంపిక చేసిన ఇళ్లు జనాభా నిష్పత్తిలో ఉండవు. వెయిట్ ఎలా కట్టాలో డేటాతో వచ్చే రీడ్‌మీ ఫైల్లో ఉంటుంది, ముందు అది చదవండి. జీడీపీలో 2004-05 ఆధార సంవత్సరపు అంకెల పక్కన 2011-12 సిరీస్ అంకెలను నేరుగా పెట్టకూడదు. ఇక మన ఊరి గొయ్యి: 2011 జనాభా లెక్కల్లో విశాఖపట్నం జిల్లా అంటే సుమారు 43 లక్షల మంది. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి విడిపోయింది, పాడేరు, అరకు వైపు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. ఈ సంగతి మరిచి గ్రాఫ్ గీస్తే 2022లో జిల్లా ఆదాయం కుప్పకూలినట్టు కనిపిస్తుంది. వైవాలో (మౌఖిక పరీక్షలో) మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది.

సొంతంగా సర్వే చేసేవాళ్లు క్యాలెండర్ చూసుకోవాలి. రెండో సెమిస్టర్ సెలవుల్లో ఫిషింగ్ హార్బర్‌కు వెళ్దామనుకుంటారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మరబోట్లన్నీ కట్టేసి ఉంటాయి. నిషేధ కాలంలో మత్స్యకారులకు ఇచ్చే భృతి మీద రాసేవాళ్లకు అదే సరైన సమయం. మామూలు ఆదాయం అడగాలంటే కాదు. అరకు కాఫీ కోత కూలీల గురించైతే నవంబరు తర్వాతే వెళ్లాలి. కొండకు వెళ్లే తీరిక లేదంటే రైతుబజారు మంచిది, ఏ నెలలోనైనా తెల్లవారుజామునే రైతులు దొరుకుతారు. ప్రశ్నావళి రెండు పేజీలు దాటనివ్వకండి, ముందు పది ఇళ్లలో పరీక్షించి చూడండి. ఆదాయం ఎంతని సూటిగా అడిగితే ఎవరూ నిజం చెప్పరు, ఖర్చుల వైపు నుంచి రండి. అరవై ఇళ్ల డేటాలో పన్నెండు చలరాశులు కుక్కితే ఏదీ నిలబడదు, నాలుగైదు చాలు.

ఎలక్టివ్‌లు, అంటే మనం ఎంచుకునే పేపర్లు, మార్కులు తేలిగ్గా పడే పేపర్ అని తీసుకోవద్దు, ఎటు వెళ్లాలో చూసి తీసుకోండి. పీహెచ్‌డీ వైపైతే ఎకనామెట్రిక్స్ రెండో పేపర్ వదలకూడదు. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిపుణుల ఉద్యోగాలు) వైపైతే పబ్లిక్ ఫైనాన్స్, అంతర్జాతీయ వాణిజ్యం. ఆ రాతపరీక్షలో ఎకనామిక్స్‌వే నాలుగు పేపర్లు, ఒక్కోటి 200 మార్కులు, అన్నీ వ్యాసరూపమే, అదీ ఇంగ్లిష్‌లోనే. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదటి సెమిస్టర్ నుంచే వారానికి ఒక జవాబు ఇంగ్లిష్‌లో రాసి దిద్దించుకోవాలి. గేట్ పరీక్షలో 2021 నుంచి ఎకనామిక్స్ ఉంది, వంద మార్కుల్లో అరవై సబ్జెక్టువి. అది ఫిబ్రవరిలో జరుగుతుంది, నాలుగో సెమిస్టర్ నడుమ పడుతుంది. డిసర్టేషన్ డేటా అప్పటికే చేతిలో ఉండాలనడానికి అదో కారణం.

ఒక్క మెలిక. ఎకనామిక్ సర్వీస్‌కు ఎకనామిక్స్, అప్లైడ్ ఎకనామిక్స్, బిజినెస్ ఎకనామిక్స్, ఎకనామెట్రిక్స్ అనే నాలుగు పేర్లలో ఏదో ఒకదానితో పీజీ ఉండాలి. ఈ మధ్య కొత్త కొత్త పేర్లతో కోర్సులు వస్తున్నాయి, వాటిలో చేరేవాళ్లు ఫీజు కట్టకముందే పట్టా మీద ఏ పేరు పడుతుందో ఆఫీసులో అడిగి తెలుసుకోండి.