పాక్ అఖాతం అడుగున ఉన్న పచ్చిక

తీర రక్షణ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన మాటలు మడ అడవులతో మొదలై పగడపు దిబ్బలతో ముగుస్తాయి. కోరింగ మడ అడవిని పడవలో తిరిగి చూడవచ్చు, పగడాలకు రంగులున్నాయి. నీటి అడుగున మట్టిరంగులో కలిసిపోయే సముద్రపు గడ్డికి చూసేవారే ఉండరు. అయితే తీరానికి దగ్గరలో వల వేసి బతికే కుటుంబాల వైపు నుంచి లెక్క చూస్తే, ఈ గడ్డి మిగతా రెండింటికీ తీసిపోదని నా అభిప్రాయం. తమిళనాడుకూ శ్రీలంకకూ మధ్యనున్న పాక్ అఖాతం ఇందుకు మన దేశంలో దొరికే మంచి సాక్ష్యం.

ఇది నాచు కాదు. వేళ్లు, కాండం, ఆకులు, పూలు ఉన్న మొక్క. కోట్ల ఏళ్ల కిందట నేల మీది నుంచి సముద్రంలోకి వెళ్లిన మొక్కల సంతతి. దీని పుప్పొడిని ఎక్కువగా నీరే మోస్తుంది. ఎండ తగిలితేనే బతుకుతుంది కాబట్టి లోతు తక్కువగా, నీరు తేటగా, అలలు నెమ్మదిగా ఉండే చోటు దీనికి కావాలి. పాక్ అఖాతంలో ఈ మూడూ కుదిరాయి. గోదావరి, కృష్ణ తెచ్చిపోసే ఒండ్రుతో మసకబారి, నేరుగా బంగాళాఖాతం అలలకు ఎదురు నిలిచే మన కోస్తాలో అంత విస్తారమైన పచ్చికలు పెరగకపోవడంలో ఆశ్చర్యం లేదు.

పచ్చిక విలువ వలలోనే తెలుస్తుంది. ఆకులపై సన్నని నాచు పొర పేరుకుంటుంది, దాన్ని మేసే చిన్న ప్రాణులు చేరతాయి, వాటి కోసం చేపపిల్లలు వస్తాయి. పెద్ద చేపల నోటికి చిక్కకుండా దాక్కోవడానికీ వాటికి ఆ ఆకులే ఆసరా. ఎగుమతి అయ్యే నీలి పీత, పచ్చచారల టైగర్ రొయ్య పెరిగి పెద్దయ్యే చోట్లలో ఇది ముఖ్యమైనది. సముద్రపు గుర్రాలు ఈ ఆకులకే తోక చుట్టుకొని నిలబడతాయి. నాటు పడవల వారు తెల్లవారకముందే వెళ్లి, ఎక్కువ డీజిలు కాల్చకుండా, ఎండ ముదిరేలోగా అమ్మదగిన పీతలతో తిరిగి రాగలుగుతున్నారంటే, అందుకు తీరం పక్కనే ఈ పచ్చిక ఉండటం పెద్ద కారణం.

ఇక్కడి మరో జీవి డూగాంగ్, అంటే సముద్రపు ఆవు. దాదాపు పూర్తిగా ఈ గడ్డి మీదే ఆధారపడి, రోజుకు ముప్పై నలభై కిలోలు మేసే ఈ క్షీరదం కొన్నేళ్లకొకసారి ఒక్క పిల్లనే కంటుంది. అందుకే ఒక్కటి వలలో చిక్కి చనిపోయినా ఆ లోటు త్వరగా పూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి అత్యున్నత రక్షణ కల్పించింది. 2022 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం తంజావూరు, పుదుక్కోట్టై జిల్లాల తీరంలో 448 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని దేశంలోనే తొలి డూగాంగ్ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. వలలో చిక్కిన డూగాంగ్‌ను వదిలిపెట్టిన మత్స్యకారులకు అటవీశాఖ నగదు బహుమతులు ఇస్తోంది. దాన్ని వదలడానికి వల కోయవలసి వస్తే ఆ నష్టం ఎంతో తెలిసినవారికి, ఈ బహుమతి దానమేమీ కాదని వేరే చెప్పనక్కరలేదు.

బొగ్గుపులుసు వాయువు సంగతి ఈ రోజుల్లో ఎక్కువగా వినిపిస్తోంది. సముద్రపు అడుగులో నూటికి ఒక వంతు కూడా ఆక్రమించని ఈ పచ్చికలు తమ విస్తీర్ణానికి మించిన కర్బనాన్ని మట్టిలో పూడ్చిపెడతాయన్నది నిజమే. కానీ ఆ నిల్వ శాశ్వతం కాదు. 2010–11 వేసవిలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో నీరు అసాధారణంగా వేడెక్కి పచ్చికలు విస్తారంగా చనిపోయినప్పుడు, ఎన్నో ఏళ్లుగా పేరుకున్న కర్బనం బయటపడే దారి తెరుచుకుంది.

పాక్ అఖాతంలో గడ్డికి ఎక్కువ హాని చేసేది అడుగును దున్నుకుంటూ పోయే ట్రాల్ వల. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం మేలే. కానీ వేళ్లతో సహా లేచిపోయిన గడ్డికి ఆ 61 రోజులు చాలవు. తీరం నుంచి వచ్చే మురుగు, రొయ్యల చెరువుల వ్యర్థజలం నీటిని మసకబార్చి, ఆకులపై నాచును అతిగా పెంచి, ఎండ తగలకుండా చేస్తాయి. వెదురు చట్రాలకు కొబ్బరి తాళ్లు కట్టి వాటిపై గడ్డి నాటే ప్రయత్నాలు అక్కడ జరుగుతున్నాయి. అవి జరగవలసినవే, అయితే ట్రాల్ వల మళ్లీ వచ్చే చోట, నీరు తేటపడని చోట నాటడం వృథా శ్రమ. నాటిన విస్తీర్ణం ఫొటోలకు పనికివస్తుంది గనుక ప్రకటనల్లో దానికే ముందు చోటు దొరుకుతుంది. పోకుండా ఆపిన గడ్డిని ఫొటో తీయడం కష్టం.

మన వైపు పులికాట్ సరస్సులోనూ నీరు నిలకడగా ఉండే కొన్ని చోట్ల ఈ గడ్డి పెరుగుతుంది. పూడిపోయిన ముఖద్వారాలను తవ్వాలని అక్కడి మత్స్యకారులు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. సముద్రపు నీరు రాకపోతే సరస్సులో చేప తగ్గిపోతుంది కనుక ఆ కోరిక న్యాయమైనది. తవ్వకం ఎప్పుడు మొదలైనా, గడ్డి ఉన్న చోట్లను ముందే గుర్తించి, తవ్విన మట్టిని వాటిపై పోయకూడదన్న షరతును కాంట్రాక్టు కాగితాల్లోనే రాయించాలి. ఆ చోట్లు ఏవో చెప్పడానికి రోజూ అక్కడ వల వేసేవారిని పిలిస్తే చాలు.