ఏసీ బకెట్టు నీళ్ళూ, గాలిలోంచి తాగునీరూ

వేసవి రాత్రి ఏసీ వేసుకుంటే, బయటి గొట్టం కింద పెట్టిన బకెట్టు తెల్లవారేసరికి సగం పైన నిండుతుంది. మాది అంతర్వేదికి ఎంతో దూరం లేని ఊరు. బోరు వేస్తే ఉప్పు నీరు పడుతుంది, తాగడానికి ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటాం. అందుకే గాలిలోంచి తాగునీరు తీసే యంత్రం మాట ఎత్తితే మా వాళ్ళందరికీ ఆసక్తి. 2019లో సికింద్రాబాద్ రైల్వే స్టేషన్లో అలాంటిది పెట్టి ప్రయాణికులకు నీళ్ళు అమ్మారు కూడా.

ఆ యంత్రం చేసేదీ ఏసీ పనే: గాలిని చల్లటి గొట్టాల మీదుగా పంపితే అందులోని ఆవిరి నీరై కారుతుంది. అలాగని బకెట్టు నీళ్ళు తాగకూడదు. ఏసీ రేకుల మధ్య పేరుకున్న దుమ్మూ బూజూ కడుక్కుని వచ్చిన నీరది. యంత్రంలోనైతే గాలిని ముందే వడకట్టి, పట్టిన నీటిని అతినీలలోహిత కాంతితో శుద్ధి చేసి, ఖనిజాలు కలుపుతారు.

మన గాలిలో నీటికి కొదవ లేదు. ముప్పై డిగ్రీల వేడి, ఎనభై శాతం తేమ ఉన్న రోజున ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీరుంటుంది. ఆ గాలిని పది డిగ్రీలకు చల్లబరిస్తే అందులో 15 గ్రాములు చేతికొస్తాయి. పది, పన్నెండు అడుగుల గది నిండా ఉన్న గాలి నుంచి అర లీటరు వస్తుందన్నమాట. ఒక్క టిన్ను నిండాలంటే అలాంటి నలభై గదుల గాలి కావాలి. ధనుర్మాసపు పొద్దున్న ఎదుటి మనిషి కనబడనంత మంచు పట్టినా, ఆ చల్లటి గాలిలో ఉండే నీరు, మే నెలలో చొక్కా ఒంటికి అతుక్కుపోయే మధ్యాహ్నపు గాలిలో ఉండే నీటికంటే తక్కువే. వేడి గాలి ఎక్కువ ఆవిరిని మోస్తుంది. పడమటి వడగాలి తిరిగిన రోజుల్లో మాత్రం తేమ పడిపోతుంది, దాహమేమో అప్పుడే ఎక్కువ.

చిక్కంతా కరెంటు దగ్గరే. ఆవిరి నీరయ్యేటప్పుడు లీటరుకు దాదాపు 0.68 యూనిట్ల వేడి వదులుతుంది. దాన్ని బయటికి తోలాలి, గాలినీ చల్లబరచాలి. వేడిని తోలడానికి అంత కరెంటూ పట్టదు గానీ, ఎంత మంచి యంత్రమైనా లీటరుకు పావు నుంచి అర యూనిట్ తింటుంది, అంటే టిన్నుకు అయిదు నుంచి పది యూనిట్లు. సముద్రపు నీటిని ఆర్‌ఓ పద్ధతిలో మంచినీరు చేయడానికి వెయ్యి లీటర్లకు మూడు, నాలుగు యూనిట్లు సరిపోతాయి. మన బోరు నీరు అంత ఉప్పన కూడా కాదు.

2025లో రసాయన శాస్త్రంలో నోబెల్ పంచుకున్న ఒమర్ యాఘీ, సహచరులతో కలిసి 2017లో ఎండ వేడితోనే పొడి గాలిలోంచి నీరు తీసి చూపించారు. అద్భుతమే, కానీ అది ఎడారి కష్టానికి మందు. మనకు 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కాలువ ఉంది. వేసవిలో కాలువలు కట్టేసేలోగా మంచినీళ్ళ చెరువు నింపి, అందులోకి రొయ్యల చెరువుల నీరు ఊరకుండా చూసుకుంటే, ఊరంతటికీ అంతకంటే చవకైన దారి నాకు కనబడదు.

కాలువ చివరన, చెరువు నీరందని బడికో ఆరోగ్య కేంద్రానికో అయితే యంత్రం పెట్టవచ్చు. కాకపోతే తుఫాను వెళ్ళాక, బోర్లూ చెరువులూ పాడైన రోజుల్లోనే కరెంటూ ఉండదు గనుక, కొనేవారు జనరేటరునూ డీజిల్‌నూ కలిపి ధర అడగాలి.